రావమ్మ ముక్కు

సాయిశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం గ్యాసు బండ పేలుతుందని కాదు. పేలే ముందు తను చెబుతుంది, ఇంట్లో ఒక్కరూ నమ్మరు. అదీ ఆమె భయం.

ఆ భయం ఇప్పుడు వంటింట్లో అత్తగారి చేతిలో ఉంది. అగ్గిపెట్టె రూపంలో.

"అత్తయ్యా, గీయకండి! మీకు దణ్ణం పెడతాను, గీయకండి!"

రావమ్మ పుల్లని పెట్టె పక్కన ఆనించి ఆగింది. కరెంటు పోయి చాలాసేపయింది. విజయవాడ గుణదల సందుల్లోకి సందెచీకటి దిగుతోంది. దేవుడి అరలో ప్రమిద సిద్ధంగా ఉంది, వత్తి నూనెలో నాని ఉంది. ఇక వెలిగించడమే తరువాయి.

"ఎందుకు గీయకూడదో?"

"గ్యాసు వాసనొస్తోందండీ."

"మళ్ళీనా?"

ఆ 'మళ్ళీనా'లో పోయిన వారం సంగతంతా ఉంది. పోయిన వారం ఇలాగే గ్యాసు వాసనని సాయిశ్రీ మేడ మీదవాళ్ళనీ కిందవాళ్ళనీ వీధిలోకి పరిగెత్తించింది. తీరా వెతికితే మంచం కింద కూతురు చిన్ని దాచుకున్న గుడ్డు దొరికింది. అంగన్‌వాడీలో ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డ కప్పి ఉంచితే కోడిపిల్ల పుడుతుందని ఆ నాలుగేళ్ళ పిల్ల నమ్మకం. కోడిపిల్ల పుట్టలేదు గానీ సాయిశ్రీకి వీధిలో పేరు పుట్టింది. కూరగాయలబ్బాయి కూడా "ఏమ్మా, గుడ్డు పొదిగిందా?" అని అడిగిపోతున్నాడు.

"ఈసారి గుడ్డు కాదత్తయ్యా. నిజంగానే."

"పోయిన వారం కూడా నిజంగానే అన్నావు."

"మీకు రావడం లేదా వాసన?"

రావమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. సాయిశ్రీ అది గమనించింది గానీ, ఎందుకో ఆలోచించే తీరిక లేదు.

"నా ముక్కుకి రాని వాసన నీ ముక్కుకొచ్చిందంటే ఎవరన్నా నమ్ముతారా?" అంది రావమ్మ.

నమ్మరు. అదే వచ్చిన చిక్కు.

ఆ వీధిలో రావమ్మ ముక్కుది కోర్టు తీర్పు. ఆవకాయల రోజులొచ్చాయంటే ఆడవాళ్ళు గిన్నెల్లో పప్పునూనె, పొట్లాల్లో ఆవపిండి పట్టుకుని మేడెక్కుతారు. ఆవిడ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, పోసుకో" అంటే ఆ నూనె జాడీలోకి. పెదవి విరిచిందంటే దీపాలకి. ఎవరింట్లో వెన్న కాస్తున్నారో, ఎవరింట్లో పాలు మాడాయో మంచం మీదనుంచి లేవకుండా చెప్పేది. అలాంటి ముక్కు 'లేదు' అన్నాక, ఇంటర్ మధ్యలో ఆపేసి పెళ్ళి చేసుకుని వచ్చిన కోడలి ముక్కు 'ఉంది' అంటే ఎవరికి కావాలి?

"అది ఆవపిండి ఘాటు. పొద్దుట్నుంచీ కలుపుతున్నాం కదా, గోడలకీ పట్టింది. జరుగు. దీపం వేళ దాటిపోతోంది."

పుల్ల కదిలింది.

సాయిశ్రీ చెయ్యి ఎప్పుడు లేచిందో సాయిశ్రీకే తెలియదు. అత్తగారి చేతిలోంచి అగ్గిపెట్టె లాగేసి, పక్కనే ఉన్న మంచినీళ్ళ బిందెలో పడేసింది. బుడుంగుమంది.

రావమ్మ నోరు తెరిచింది గానీ మాట రాలేదు. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ఆవిడ చేతిలోంచి గరిటె కూడా లాక్కుని ఎరగదు.

మాట వచ్చేసరికి అది మేడంతా వినిపించింది.

"ఏమయ్యోయ్! ఇటు రావయ్యా! నీ కోడలు సందెవేళ అగ్గిపెట్టె తీసుకెళ్ళి మంచినీళ్ళలో ముంచింది!"

వరండాలోంచి బసవయ్య విసనకర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఉయ్యూరు దగ్గర పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికొచ్చిన మనిషి. ఏ తగువులోనైనా ముందు వెలుగు ఉండాలంటాడు.

"ఉండండి, టార్చి వేస్తాను."

"వద్దు మావయ్యా! ఏ స్విచ్చీ నొక్కకండి. ఫోను కూడా ఇక్కడ తియ్యకండి."

"మరి నీ మొహం ఎట్టా కనపడుద్దమ్మా?"

"కనపడకపోయినా పరవాలేదు మావయ్యా. గ్యాసు లీకవుతోంది."

బసవయ్య గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఏమీ తేల్చుకోలేక భార్య వైపు చూశాడు. ఆ ఇంట్లో గాలి సంగతి తేల్చేది ఆవిడే.

"ఏమే, వస్తోందా?"

"నాకేం రావట్లేదు."

"రావట్లేదంటుందమ్మా మరి. పోనీ ఒక పని చేద్దాం. ఒక్క పుల్ల గీసి బండ మూతి దగ్గర పెట్టామనుకో..."

"మావయ్యా!"

ఆ కేకకి ముందు గదిలో పడుకున్న చిన్ని ఉలిక్కిపడి లేచింది. బసవయ్య విసనకర్ర జారవిడిచాడు. సాయిశ్రీ అప్పటికే బండ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నేల దగ్గర వాసన మరీ గాఢంగా ఉంది. చెవి వంచి విన్నది. సన్నగా, పాముపిల్ల బుసకొట్టినట్టు, స్స్... అని.

పొయ్యి మీటలు రెండూ తడిమింది, కట్టే ఉన్నాయి. రెగ్యులేటర్ మీట తిప్పి కట్టింది. బుస తగ్గింది గానీ ఆగలేదు.

అంగన్‌వాడీకి గ్యాసు ఏజెన్సీవాళ్ళు వచ్చి జాగ్రత్తలు చెప్పిన రోజు మిగతా తల్లులంతా సమోసాల పళ్ళెం దగ్గర ఉన్నారు. ముందు వరసలో కూర్చుని గుడ్లప్పగించి విన్నది సాయిశ్రీ ఒక్కతే. భయస్థులకి అదో లాభం. నిప్పు వద్దు, స్విచ్చి వద్దు, మీట కట్టు, కిటికీలు తియ్యి, బయటికి నడు, అక్కణ్ణుంచి ఫోను చెయ్యి. మీట కట్టినా ఆగకపోతే రెగ్యులేటర్ ఊడదీసి మూత బిగించు.

"మూతేదత్తయ్యా? బండకుండే తెల్ల మూత?"

"ఏ మూత?"

"పొద్దున కొత్త బండ పెట్టింది మీరే కదా! దారం కట్టి ఉంటుందే, ఆ మూత!"

రావమ్మ కళ్ళు దేవుడి అర వైపు వెళ్ళాయి. అక్కడ లక్ష్మీదేవి పటం ముందు, దారం కోసేసిన తెల్ల ప్లాస్టిక్ మూత ఉంది. దాన్నిండా అక్షింతలు.

రావమ్మ ఇంటికి కొత్త బండ వస్తే పెళ్ళికూతురొచ్చినట్టే. నీళ్ళతో కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మూతి దగ్గర నాలుగు అక్షింతలు వేసి గానీ రెగ్యులేటర్ బిగించదు. ఈ పద్ధతి ఆవిడే కనిపెట్టింది. హనుమాన్ జంక్షన్‌లో ఉన్న అక్క సంపూర్ణమ్మకి కూడా ఫోనులో నేర్పింది.

"మూత అంత చక్కగా ఉందని కుంకుమ భరిణె పక్కన పెట్టుకున్నాను. తప్పా?"

"ఇటివ్వండి."

"అందులో అక్షింతలున్నాయే!"

"పారబోస్తాను."

"అక్షింతలు నేల మీద పారబోస్తావా? ఎవరన్నా తొక్కితే?"

వాదించే వేళ కాదు. సాయిశ్రీ మూత అందుకుని, అందులో ఉన్నవన్నీ అత్తగారి నెత్తిన పోసింది.

"నూరేళ్ళు చల్లగా ఉండండి" అంది, ఏమనాలో తోచక.

కోడలు అత్తగారిని దీవించడం ఆ ఇంట్లో అదే మొదలు.

రెగ్యులేటర్ ఊడబెరికి, మూతని వాల్వు మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కింది. టక్‌మంది. బుస ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో బసవయ్య మెల్లగా అన్నాడు.

"అయితే ఉందన్నమాట."

రావమ్మ చెవి మీదకి జారిన అక్షింతని తీసి కొంగు చివర ముడి వేసుకుంది.

కిటికీకి అడ్డంగా ఆవకాయ జాడీలున్నాయి. ఈగలు వాలతాయని, దుమ్ము పడుతుందని పొద్దుట్నుంచీ తలుపులు బిగించే ఉన్నాయి. సాయిశ్రీ ఒక్కో జాడీ దించి కిటికీ తీసింది. పెరటి తలుపు తీసింది. ముందు గది తలుపులు బార్లా తెరిచి చిన్నిని చంకనేసుకుంది.

"పదండి కిందికి. ఆలస్యం చెయ్యకండి."

"ఆవకాయ?" అంది రావమ్మ.

"ఆవకాయ ఎక్కడికీ పోదు."

"ఇల్లు పేలితే పోదా?"

ఆ ప్రశ్నకి అంగన్‌వాడీలో సమాధానం చెప్పలేదు. వెనక్కి తిరిగి చూసేసరికి రావమ్మ పెద్ద జాడీని పసిపిల్లలా గుండెకి హత్తుకుని నడుస్తోంది.

మెట్ల మలుపు దగ్గర సాయిశ్రీ ఠక్కున ఆగిపోయింది.

కింద నుంచి వెలుగు పైకి వస్తోంది. కొవ్వొత్తి. కొవ్వొత్తి వెనకాల ఇందిరాదేవి. ఇంటి ఓనరు, కింద వాటాలో ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది.

"పిన్నిగారూ, చీకట్లో ఏవిటా కేకలు? ఎవరన్నా పడ్డారా? ఇదిగో, వెలుగు తెస్తున్నా."

"ఆంటీ, ఆగండి! ఒక్క మెట్టు కూడా ఎక్కకండి!"

ఇందిరాదేవి ఒక కాలు కింది మెట్టు మీద, ఒక కాలు పై మెట్టు మీద పెట్టి అలాగే నిలబడింది.

"గ్యాసు లీకైందండీ. అది బరువు. పొగలా పైకి పోదు, మెట్ల మీంచి కిందికే జారుతుంది. మీ వైపే వస్తుంది."

"అయ్యబాబోయ్! ఆర్పెయ్యనా?"

"ఉఫ్ఫని ఊదకు!" పై నుంచి జాడీ వెనకాల రావమ్మ గొంతు. "సందెవేళ దీపాన్ని నోటితో ఊదుతారా ఎవరన్నా? కొండెక్కించాలి."

"ఎలా కొండెక్కించాలి పిన్నిగారూ? కొవ్వొత్తికి?"

"పాలతోనో, పూవుతోనో..."

"అత్తయ్యా, మీరు ఊరుకోండి! ఆంటీ, ఊదొద్దు, ఎక్కొద్దు. అలాగే వెనక్కి తిరిగి గేటు దాటి, వీధి చివరికి వెళ్ళిపోండి. పరిగెత్తకండి. వెళ్ళిపోండి, అంతే!"

ఇరవయ్యేళ్ళుగా పిల్లల్ని వరసలో నడిపించిన టీచరు, సాయిశ్రీ మాటకి కొవ్వొత్తి పట్టుకుని ఊరేగింపులా వీధిలోకి నడిచింది. ఆవిడ వెనకాల వీధి కుక్క ఒకటి. ఆ వెనకాల, బాగా ఎడంగా, జాడీతో రావమ్మ, విసనకర్రతో బసవయ్య, చంకలో పిల్లతో సాయిశ్రీ. చూసినవాళ్ళు ఇదేం పండగో తెలియక దణ్ణం పెట్టారు.

వీధి చివర కొబ్బరిబొండాల కొట్టు అరుగు మీద అందరూ కూలబడ్డారు. సాయిశ్రీ ముందు గ్యాసు ప్రమాదాలకిచ్చిన నంబరు, ఒకటి తొమ్మిది సున్నా ఆరుకి ఫోను చేసి ఇంటి గుర్తులు చెప్పింది. మనిషిని పంపుతామన్నారు. తర్వాత భర్తకి చేసింది. సాయిగణేష్ వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల గోడౌన్‌లో లెక్కలు చూస్తాడు. వెనకాల బస్తాలు దింపుతున్న కేకల మధ్య అతని గొంతు వినిపించింది.

"మళ్ళీ గుడ్డేనా?"

"గుడ్డు కాదండీ. బండే."

"అమ్మ ఏమంటోంది?"

సాయిశ్రీకి ఒళ్ళు మండింది. భార్య ఫోను చేసి ఇల్లు పేలబోయిందంటే, అమ్మ ఏమంటోందని అడిగే మొగుడు!

"అమ్మ ఆవకాయ పట్టుకుని బొండాల కొట్టు దగ్గర కూర్చుంది. ఏమంటుందో మీరే వచ్చి అడగండి."

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యకపోయావా?"

"స్విచ్చి వేస్తే నిప్పురవ్వ వస్తుందండీ! అయినా కరెంటు లేదు."

అని పెట్టేసిందో లేదో ఆమెకి ఇంకో సంగతి తట్టింది. కరెంటు లేదు సరే. వస్తే? పోయినప్పుడు టీవీ నడుస్తోంది. ఫ్రిజ్ నడుస్తోంది. వంటింట్లో లైటు స్విచ్చి వేసే ఉంది. కరెంటొస్తే అన్నీ ఒక్కసారి అందుకుంటాయి.

"కరెంటు ఇప్పుడప్పుడే రాకూడదు" అంది. "గ్యాసు పూర్తిగా బయటికి పోయేదాకా రాకూడదు."

వేసవిలో, ఉడుకు పొయ్యిలా ఉన్న విజయవాడలో, కరెంటు రాకూడదని మొక్కుకున్నవాళ్ళు వీళ్ళే అయివుంటారు. రావమ్మ కనకదుర్గమ్మకి మొక్కింది. ఇందిరాదేవి వెంకన్నకి మొక్కింది. బొండాల కొట్టతను చెమట తుడుచుకుంటూ, "మీ ఇంటి వరకే మొక్కోండమ్మా" అన్నాడు.

ఆ కంగారులో బసవయ్య చెయ్యి అలవాటు చొప్పున లోపలి జేబులోకి పోయింది. చుట్ట బయటికొచ్చింది.

"మావయ్యా!"

"ఇంత దూరం వచ్చాం కదమ్మా. రెండు దమ్ములు."

సాయిశ్రీ చుట్ట లాక్కుంది. ఆ సాయంత్రం ఆమె లాక్కున్న రెండో వస్తువది. మామగారు దొంగచాటుగా చుట్ట కాలుస్తారని ఆమెకి తెలుసు. ఇంట్లో పరుపుకీ తువ్వాలుకీ కూడా ఆ కంపే. ఒకప్పుడు ఆయన వీధి మొదట్లో కాల్చి వస్తే రావమ్మ గుమ్మంలోనే ఆపి స్నానం చేయించేది. ఈమధ్య...

ఈమధ్య ఏమీ అనడం లేదు.

"మీ అత్తయ్య మునుపట్లా లేదులే" అన్నాడు బసవయ్య, భార్యకి వినపడకుండా. "మెత్తబడింది. పక్కనే కూర్చున్నా ఒక్క మాటనదు. వయసు మీద పడ్డాక మొగుడి మీద ప్రేమ పుట్టుకొస్తుందంటారే, అదేననుకుంటా." ఆయన మొహం సిగ్గుతో కొత్త పెళ్ళికొడుకులా ఉంది.

సాయిశ్రీ అత్తగారి వైపు చూసింది.

అంతలో ఇందిరాదేవి దగ్గరికి జరిగి, కొంచెం మొహమాటంగా అంది.

"పిన్నిగారూ, ఇప్పుడు చెప్పే మాట కాదనుకోండి. మొన్న మీరు మంచిదన్న నూనె... జాడీలో పోశాక ముక్కిన వాసన కొట్టిందండీ. మావారు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. మీరు అంతగా మెచ్చుకున్నారు కదా, నాకే ఏదో అయిందనుకున్నా."

"నూనె మంచిదే" అంది రావమ్మ. మాట గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం జాడీ మీదనుంచి పైకి లేవలేదు.

సాయిశ్రీకి నిన్నటి మాట గుర్తొచ్చింది. పూలామె దగ్గర మూరెడు మల్లెలు కొని, ముక్కు దగ్గర పెట్టుకుని రావమ్మ అంది: "ఈ ఏడు మల్లెల్లో బొత్తిగా వాసన లేదే." ఆ రాత్రంతా గదిలో మల్లెల గుబాళింపుకి చిన్ని తుమ్ముతూనే ఉంది.

సాయిశ్రీ మెల్లగా వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఎప్పట్నుంచండీ?"

"ఏవిటెప్పట్నుంచి?"

"అత్తయ్యా."

రావమ్మ జాడీకి కట్టిన గుడ్డ ముడి విప్పింది, మళ్ళీ కట్టింది.

"గుడివాడ పెళ్ళికెళ్ళొచ్చి జ్వరం పడ్డాను చూడు, అప్పట్నుంచి" అంది చివరికి. "జ్వరం పోయింది. దాంతో పాటే అదీ పోయింది. ఇవాళొస్తుంది, రేపొస్తుంది అనుకున్నాను."

"చెప్పొచ్చు కదండీ. డాక్టరుకి చూపించేవాళ్ళం."

"ఏమని చెప్పను? చదువుందా నాకు? ఉద్యోగం చేశానా? ఈ వీధిలో నన్ను పిలిచి కుర్చీ వేసేది దేనికోసం? ఈ ముక్కు కోసం. అది పోయిందంటే రేపట్నుంచి నేనెవర్ని? 'అత్తయ్యా, మీరు వంటింట్లోకి రాకండి' అని నువ్వే అంటావు."

"నేనంటానా?"

"అనవా? ఇవాళ అగ్గిపెట్టె లాక్కున్నావు."

సాయిశ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెప్పినా ఎవరూ నమ్మరన్న భయం తనది. ఇక నమ్మరేమోనన్న భయం ఈవిడది. రెండూ ఒక వంటింట్లోనే, ఒకే బండ పక్కన తిరుగుతున్నాయి ఇన్నాళ్ళూ.

"సాయిగాడికి చెప్పకే" అంది రావమ్మ. మొదటిసారి ఆ గొంతులో బతిమాలడం ఉంది. "నీ పుణ్యముంటుంది."

ఆ మాట పూర్తి కాకుండానే వీధంతా ఒక్కసారి వెలిగింది.

"కరెంటొచ్చింది!" చిన్ని చప్పట్లు కొట్టింది.

పెద్దవాళ్ళంతా తలలు రెండు చేతులతో పట్టుకుని వంగిపోయారు. రావమ్మ మనవరాలిని లాగి తన కింద దాచుకుంది. బసవయ్య విసనకర్ర నెత్తిన పెట్టుకున్నాడు.

ఏమీ కాలేదు. మేడ మీద బార్లా తెరిచిన కిటికీల్లోంచి టీవీ మోత వినిపించింది. సీరియల్లో ఎవరో కోడలు ఏడుస్తోంది.

"నా సీరియల్" అంది రావమ్మ, వంగినచోటనుంచే.

గ్యాసు ఏజెన్సీ నుంచి డేనియల్ అనే మెకానిక్ వచ్చాడు. ఇంట్లో గాలి తేలికపడిందని చూసుకుని, బండని డాబా మీదకి ఈడ్చుకెళ్ళి మూత తీశాడు. కాసేపు ఏదో గీకి, స్క్రూడ్రైవర్ కొస మీద ఒక గింజ పట్టుకుని కిందికి, బొండాల కొట్టు దగ్గరికి వచ్చాడు. పసుపు పూసిన బియ్యపు గింజ.

"వాషర్ కింద ఇరుక్కుందండీ ఇది. రెగ్యులేటర్ సరిగా కూర్చోలేదు. అక్షింతలా ఉందే? బండకి పెళ్ళి చేశారా ఏంటి?"

బసవయ్య పగలబడి నవ్వాడు. ఇందిరాదేవి కొంగు అడ్డం పెట్టుకుంది. రావమ్మ మాత్రం ఆ గింజని ఎంతసేపు చూసిందో.

అప్పుడే సాయిగణేష్ మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఒంటి నిండా మిరపకాయల ఘాటు. దిగుతూనే తుమ్మాడు, పిల్లని ఎత్తుకున్నాడు, గింజ కథ విన్నాడు. నవ్వలేదు. తల్లి వైపు తిరిగాడు.

"అదేంటమ్మా? పొద్దుట్నుంచీ లీకవుతుంటే నీకు వాసన తెలియలేదా? నీకా?"

రావమ్మ పెదాలు బిగించింది. సాయిశ్రీ వైపు ఒక్క చూపు చూసింది.

ఇన్నాళ్ళూ సాయిశ్రీ ఎదురుచూసిన నిమిషమిది. 'నేనే చెప్పాను, ఎవరూ వినలేదు' అనొచ్చు. భర్త ముందు, ఓనరు ముందు, గుడ్డు గోల చేసిన వీధి ముందు అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ముందు చెప్పింది అత్తయ్యేనండీ" అంది. "వాసనొస్తోంది చూడమ్మాయ్ అన్నారు. నేను ఊరికే మీట కట్టాను."

బసవయ్య ఏదో అనబోయి, కోడలి కళ్ళు చూసి, చుట్ట లేని జేబు తడుముకుని ఊరుకున్నాడు.

"చూశావా?" అన్నాడు సాయిగణేష్ భార్యతో. "అమ్మ ముక్కంటే అదీ. ఇంకెప్పుడూ..."

"కాదురా."

రావమ్మ లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. చూపు ఇంకా డేనియల్ చేతిలోని గింజ మీదే ఉంది.

"కాదురా అబ్బాయ్. అది అబద్ధం చెబుతోంది నా కోసం. నాకు వాసన పోయి నెలలయింది. దాని ముక్కే ఇవాళ మనందర్నీ కాపాడింది. అది సరే, తర్వాత తిట్టుకో నన్ను. ముందు మీ పెద్దమ్మకి ఫోను చెయ్యి."

"నెలలయిందా!" బసవయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయితే నా చుట్ట సంగతి నువ్వు ఊరుకున్నది ప్రేమతో కాదా?"

"ఏ చుట్ట?"

"ఏం లేదులే."

"పెద్దమ్మకెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు సాయిగణేష్.

"గుడివాడ పెళ్ళికి ఇద్దరం కలిసే వెళ్ళాంరా. ఇద్దరం కలిసే జ్వరం పడ్డాం. దానికీ వాసన పోయింది. ఇద్దరం ఒట్టేసుకున్నాం ఎవరికీ చెప్పకూడదని. దాని టిఫిన్ హోటల్లో ఇవాళ మధ్యాహ్నమే కొత్త బండ పెట్టింది." రావమ్మ డేనియల్ చేతిలోని గింజ వైపు వేలు చూపింది. "మూతి దగ్గర అక్షింతలు వెయ్యడం మర్చిపోకక్కా అని నేనే గుర్తుచేశాను. ఒకటికి రెండుసార్లు చెప్పాను."

సాయిశ్రీ అప్పటికే నంబరు నొక్కింది. రింగవుతోంది. సంపూర్ణమ్మ ఫోనెప్పుడూ ఒడిలోనే ఉంటుంది, మొదటి రింగు పూర్తికాకుండానే "ఆఁ చెప్పవే" అంటుంది. రింగు ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ రింగవుతోంది.

"పక్క కొట్టువాళ్ళ నంబరుందా అత్తయ్యా?"

"పక్కవాళ్ళందరితోనూ దెబ్బలాటే కదే దానికి! చట్నీ పలచగా ఉందన్న వాణ్ణల్లా శత్రువుని చేసుకుంది."

"హోటల్ వెనక గదిలో ఒక్కతే ఉంటుంది" అన్నాడు బసవయ్య. ఆయన గొంతులో ఇప్పుడు చుట్ట లేదు, ప్రేమ లేదు, ఉత్త భయం.

"హోటల్ కట్టేసి దీపం పెట్టుకునే వేళ" అంది రావమ్మ. ఆ మాటతో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

సాయిగణేష్ పిల్లని బసవయ్య చేతికిచ్చి మోటార్‌సైకిల్ ఎక్కాడు. చేతిలో ఫోను పట్టుకునే సాయిశ్రీ వెనకాల కూర్చుంది. ఈసారి 'అమ్మ ఏమంటోంది' అని అతను అడగలేదు.

"ఏం చెయ్యాలో నువ్వు చెప్పు" అన్నాడు.

"ముందు పోనివ్వండి."

గుణదల నుంచి హనుమాన్ జంక్షన్ దాకా హైవే మీద లారీలు తోసుకుంటూ పోవాలి. వీళ్ళింకా రామవరప్పాడు రింగు కూడలి దగ్గరే చిక్కుకుని ఉన్నారు. ఫోను ఇంకా రింగవుతూనే ఉంది.

కాబట్టి, ఇది చదువుతున్న అమ్మా, అయ్యా, మీలో ఎవరైనా జంక్షన్ వైపు ఉంటే ఒక్కసారి సంపూర్ణమ్మ హోటల్ దాకా వెళ్ళి చూడండి. ఆవిడ చట్నీ గురించి మీరెప్పుడైనా ఏమైనా అని ఉంటే, ఈ ఒక్కరోజుకి మర్చిపోండి. అంత దూరంలో లేరా? అయితే మీ పక్కవాటాలోనో వెనక వీధిలోనో ఒంటరిగా వండుకునే పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. ఆవిణ్ణి పలకరించి రండి. ఈమధ్య మల్లెల వాసన తెలుస్తోందా పిన్నీ అని మాటవరసకి అడగండి.

తలుపు చేత్తోనే తట్టండి. బెల్లు మాత్రం నొక్కకండి.